పాత పలకరింపు

రేవతి కార్తె, మొదట్లో

పొరల గట్టు మీద ఎర్రపాచి గీకుతున్న గంగరాజే ఆ పడవని ముందు చూశాడు. గంగరాజు నా భర్త. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే యంత్రంలో వడపోత పొరలుంటాయి. వాటిని విప్పి, కడిగి, మళ్లీ బిగించడం అతని పని. ఈ ఎండాకాలం దక్షిణం నుంచి వచ్చే ప్రవాహం ఎర్రపాచిని వెంటబెట్టుకొచ్చింది. పొరలకి జిగురులా పట్టుకుంటోంది. అది పట్టినకొద్దీ యంత్రం ఇంకా గట్టిగా నీళ్లు నెడుతుంది. నెట్టినకొద్దీ పాచి ఇంకా లోపలికి దిగుతుంది. మా నడిరేవు సముద్రం మీద తేలే ఊరు. ఎటు చూసినా నీళ్లే. తాగడానికి మాత్రం పోయిన వారం నుంచి ఇంటికి రోజుకొక్క కడవ. సముద్రపు నీళ్లతో ఉతికిన బట్టలు దండెం మీద అప్పడాల్లా బిగుసుకుపోతున్నాయి.

పడవలో ఒక్కడే ముసలాయన. తెరచాప నిండా అతుకులు. ఒళ్లో టార్పాలిన్ గుడ్డలో చుట్టిన పెట్టె ఒకటి. తాడు అందుకున్న గంగరాజు ఎక్కడి నుంచి అనడిగాడు.

"తూరుపు తెప్ప నుంచొచ్చినాను బాబూ. నా పేరు పరదేశి."

గట్టు మీద చేతులన్నీ ఆగిపోయాయి. మా అమ్మమ్మల కాలంలో పెద్ద తుఫానుకి తాళ్లు తెగి, నడిరేవులో ఒక ముక్క మనుషులతో సహా తూర్పుకి కొట్టుకుపోయింది. అదే తూరుపు తెప్ప. చాలా ఏళ్లు వైర్‌లెస్‌లో మాటామంతీ ఉండేది. వాళ్ల స్తంభం కూలాక అదీ పోయింది. ఉన్నారో లేరో మాకు తెలియదు.

ఉన్నారు. వాళ్ల పొరలు అరిగిపోయాయట. కొత్తవి కావాలని వచ్చాడు. బదులుగా ఏమిస్తావని ఎవరూ అడగకుండానే పెట్టె మీద చెయ్యి వేశాడు. "మా నీల్ల యంత్రం నడిపే పోగ్రాం ఇందులో ఉందమ్మా. మీ నీల్లు సూస్తే ఎర్రగా ఉన్నాయి. మాకిది సిన్నప్పటి నుంచీ అలవాటే. మా పిల్ల దీనికి మందు కనిపెట్టీసింది."

పడవ అడుగున పీపాడు మంచినీళ్లున్నాయి. ఆయన తన దారి ఖర్చుకి తెచ్చుకున్నవి. వాటిని దింపించి ఆసుపత్రికి పంపమన్నాడు. నేను వద్దన్నాను. "నానెలాగూ ఇక్కడ మీరిచ్చిందే తాగుతాను కదా," అన్నాడు.

పెట్టెని మా సర్వర్‌కి కలిపాను. సర్వర్ ఒక్క వాక్యం పలికింది: ఈ పలకరింపు నాకు తెలియదు. ఆ వెంటనే తెంచేసుకుంది.

మర్నాడు

నా పని రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ లెక్కన రేపు దీనికి నేను జవాబు చెప్పుకోవలసి రావచ్చు. నా పేరు నూకరత్నం. నడిరేవు భండారాన్ని చూసుకునేది నేను. ఊళ్లో ప్రతి యంత్రాన్నీ నడిపే ప్రోగ్రాములు భండారంలో ఉంటాయి. ఇప్పటి రూపం ఒక్కటే కాదు, మొదటి నుంచీ జరిగిన ప్రతి మార్పూ, అది ఎవరు చేశారు, ఎందుకు చేశారు, అన్నీ వరసగా ఉంటాయి. చేసినవాళ్ల ముద్ర లేనిదే ఏ మార్పూ లోపలికి రాదు.

బయటి యంత్రం ఒకటి మార్పులు ఇవ్వడానికో తీసుకోవడానికో వస్తే, ముందు రెండూ పలకరించుకుంటాయి. భండారం ఉండే మా సర్వర్ తనకేమేం చేతనవునో చెబుతుంది. వచ్చినది ఆ జాబితాలో తనకూ తెలిసినవి ఎంచుకుంటుంది. ఆ తర్వాత రెండూ కలిసిన వాటితోనే పని. చెప్పనిది అడగకూడదు. అర్థం కానిది వినిపిస్తే దాన్ని పక్కన పెట్టి మిగతాది వినాలి. ఇదంతా నాకు నేర్పింది సుభద్రమ్మ పిన్ని. నాకు ముందు భండారం ఆమెదే.

అప్పట్లో రెండు పలకరింపులుండేవి, పాతదీ కొత్తదీ. పాతదానికి ముద్రల్ని గట్టిగా పరీక్షించడం చేతకాదు. దారిన పోయే ఓడ ఒకటి ఆ పాత పలకరింపుతో వచ్చి, నీటి యంత్రానికి చెడ్డ మార్పు ఒకటి అంటించి పోయింది. కావాలని చేశారో తెలియక చేశారో ఇప్పటికీ తెలియదు. మార్పు వచ్చాక మొదటి గ్లాసు భండారం చూసే మనిషి తాగాలన్నది ఊరి ఆచారం. పిన్ని తాగింది. మళ్లీ లేవలేదు. ఆ నీళ్లు ఇంకెవరి నోటికీ చేరలేదు.

ఆమె భర్త జోగిరాజు గారే ఇప్పుడు రేవు పెద్ద. పాత పలకరింపుని సర్వర్ నుంచి తీసేయించింది ఆయనే. పక్కన కూర్చుని, ఒక్కో ముక్కా నా చేత తుడిపించారు. పరదేశి గారి పెట్టెకి తెలిసింది ఆ పాతదొక్కటే.

ఆయన ఇంటికి వెళ్లాను. వల అల్లుకుంటున్నారు.

"బాబాయ్, పాత పలకరింపు ఒక్కసారి తెరవనివ్వండి."

"వద్దమ్మా."

"ఎందుకో నాకు తెలుసు. కానీ నీళ్లు..."

"తెలిసీ అడుగుతున్నావు. ఇంక నేనేం చెప్పను, రత్నం?" అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వాదించేదాన్నేమో.

రేవతి కార్తె, చివర

వేరే దారి చూశాం. సర్వర్ పలకరించకపోతే పోయె, మనుషులం చదువుకోవచ్చు కదా. పెట్టె తెర మీద వాళ్ల నీటి ప్రోగ్రాం ఇప్పటి రూపం కనిపిస్తుంది. అది చూస్తూ నేను మా దగ్గర ఎక్కించాను. వేళ్లు నొప్పెడితే గంగరాజు చదివి చెప్పేవాడు. జోగిరాజు గారు దీనికి ఒప్పుకున్నారు. మనిషి కంటితో చదివి, మనిషి చేత్తో ఎక్కించిన దానికి ఆయనకి అభ్యంతరం లేదు.

పరదేశి గారు పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఆయనకి యంత్రం సంగతులు తెలియవు. పడవ నడపడం, చేపలు పట్టడం ఆయన బతుకు. కూతురు పైడమ్మ పోయి నాలుగేళ్లయింది, జ్వరం వచ్చి. అప్పటి నుంచీ ఆ పెట్టెని ఎవరూ ముట్టుకోలేదు, తెప్పలో ఎవరికీ రాదు.

"మీరు దీంతో ఏం చేసేవారు మావయ్యగారూ?" అనడిగాను.

"ఈ బొత్తాం నొక్కమనేది, నొక్కీవోణ్ని. అంతే. మా తెప్పకి దూరంగా ఏటకెల్లే పడవల్లో కూడా ఇలాంటి పెట్టెలున్నాయి. వాటితో మాటాడీటప్పుడు నన్ను కూకోబెట్టి నొక్కు నానా అనేది."

ఆయనే మళ్లీ అడిగాడు. "మీరు రాసుకున్నదాంట్లో మా పిల్ల పేరుంటదేటమ్మా?"

ఉండదని చెప్పాల్సి వచ్చింది. "చివరి రూపం ఒక్కటే తీసుకుంటున్నాం. ఏ మార్పు ఎప్పుడు చేసిందో, ఎందుకు చేసిందో, ఆ వరసంతా మీ పెట్టెలోనే ఉండిపోతుంది. ఇక్కడ నా ముద్ర పడుతుంది."

ఆయన పెట్టె మీది దుమ్ము పంచె కొంగుతో తుడిచాడు. "సర్లే. దాహమేసినోడికి పేరుతో పనేటి. కానీండి."

అశ్విని కార్తె

పొరలు పగిలాయి.

కొత్త ప్రోగ్రాం పెట్టిన పొద్దుటే నీళ్లు బాగా వచ్చాయి. మొదటి గ్లాసు నేను తాగాను. జనం కడవలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. ఎండ ఎక్కేసరికి గట్టు కింద పెద్ద చప్పుడు. కింది వరస పొరలు రెండు బారులు చిరిగిపోయాయి. అవి ఎగిరినప్పుడు చట్రం గంగరాజు ముంజేతికి తగిలింది. ఎముక విరగలేదు. చెయ్యి మాత్రం వాచి గుమ్మడిపండులా ఉంది.

ఎందుకు పగిలాయో సాయంత్రానికి అర్థమైంది. పైడమ్మ ప్రోగ్రాంలో ఉన్నది పాచి సంగతి ఒక్కటే కాదు. వాళ్ల తెప్ప మీది అవకతవకలన్నిటికీ చేసిన సర్దుబాట్లూ ఉన్నాయి. వాళ్ల పంపు ఒకటి పాడైతే మిగిలినదాని చేత రెండింటి పనీ చేయించింది. మాకు పంపులన్నీ బాగున్నాయి, అన్నీ ఒక్కసారి నెట్టాయి. ఏ ముక్క దేనికోసం రాసిందో చివరి రూపం చూస్తే తెలియదు. ఆ సంగతి చెప్పేది మార్పుల వరస ఒక్కటే.

"పాచికి మందూ అందులోనే ఉంది, విరిగిన కాలికి కట్టిన కట్టూ అందులోనే ఉంది," అన్నాడు గంగరాజు చేతికి తడిగుడ్డ చుట్టించుకుంటూ. "రెండూ కలిపి మింగేశాం."

ఇప్పుడు కడవ కాదు, అరకడవ. ముందు ఆసుపత్రికి, పసిపిల్లలున్న ఇళ్లకి, తర్వాత మిగతావాళ్లకి.

పరదేశి గారు పడవలోంచి బయటికి రాలేదు. అన్నం పట్టుకుని వెళ్లాను.

"మా పిల్ల తప్పు సేసిందేటమ్మా?"

"లేదు మావయ్యగారూ. ఆమె చెప్పింది మేం సగమే విన్నాం."

"కిత్తిక కార్తె వస్తే గాలి తిరుగుద్ది," అన్నాడు సముద్రం వైపు చూస్తూ. "ఆలోగా నాను ఎలిపోవాల. పొరలు లేకపోతే మావోల్లు..." అన్నం ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. నీళ్ల చెంబు సగం తాగి నాకు తిరిగిచ్చాడు.

అశ్విని, ఆ తర్వాత

మళ్లీ జోగిరాజు గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి అడగడానికి కాదు, ఒక ఉపాయం చెప్పడానికి.

"మన సర్వర్‌ని ముట్టుకోను బాబాయ్. విడిగా ఒక చిన్న యంత్రం పెడతాను. దానికి పాత పలకరింపు నేర్పుతాను. పెట్టెలో ఉన్నదంతా అది తీసుకుంటుంది. నీటి యంత్రానికీ దానికీ తీగ ఉండదు. దాంట్లోకి వచ్చిన ఒక్కో మార్పునీ మనిషి చదవాలి. చదివి బాగుందన్నదే అవతలికి వెళుతుంది."

ఆయన వల పక్కన పెట్టారు.

"మీ పిన్ని ఆ రోజు చదవలేదనుకుంటున్నావా?" అన్నారు.

"చదివే టైము లేదు. ఓడ వెళ్లిపోతోంది, అందరూ తొందర పెట్టారు."

"నేనూ తొందరపెట్టాను." వల ముడిని బొటనవేలితో రాస్తూ అన్నారు. "అన్నం చల్లారిపోతోంది, రావే అని పిలిచాను. అంతే అన్నాను. అదేం తప్పు కాదని అందరూ చెబుతారు. నాకూ తెలుసు కాదని."

ఆయన వల మడిచి లేచారు.

"పెట్టు నీ యంత్రం. చదివేది నేను. ఒక్కటీ వదలను, ఎవరూ తొందర పెట్టకూడదు."

"ఊళ్లో నీళ్లు..."

"నీళ్లు లేవని నాకు తెలీదా, రత్నం? తొందర పెట్టకుండానే తొందరగా చదువుతాను. నడు."

భరణి కార్తె

ఆయన నా చేత తుడిపించినదాన్ని మళ్లీ రాయడం మొదలుపెట్టాను. చేతులకి ఇంకా గుర్తుంది.

మొదటిసారి మా చిన్న యంత్రం అలవాటు కొద్దీ తనకి చేతనైనవన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. పైడమ్మ పెట్టె అంత జాబితా ఎప్పుడూ వినలేదు. మధ్యలోనే నోరు మూసుకుంది. కొత్తగా వచ్చినవి ఒక్కొక్కటే తీసేస్తూ పోయాను. నాలుగైదు మిగిలేసరికి పెట్టె జవాబిచ్చింది. తనకి తెలిసినవి చెప్పింది. అందులో ఒకటి నేనెప్పుడూ వినని మాట. ఇంకే యంత్రమూ అనని మాట. తెలుగులో ఉంది: మెల్లగా.

తెలియనిది పక్కన పెట్టాలన్నది నియమం కనుక పక్కన పెట్టాను. మార్పులు రావడం మొదలై, కొన్ని రాగానే తెగిపోయింది. మళ్లీ కలిపితే మళ్లీ అంతే. పొద్దున్నంతా అదే తంతు.

మధ్యాహ్నం పరదేశి గారిని పిలిచాను. "మావయ్యగారూ, మెల్లగా అంటే మీ అమ్మాయి ఏమనుకుని పెట్టిందో మీకేమైనా తెలుసా?"

"నాకేం తెల్దమ్మా."

"పడవలతో మాట్లాడేటప్పుడు మీరేం చేసేవారో ఒకసారి చెప్పండి. చిన్నది కూడా వదలకుండా."

ఆయన కళ్లు చికిలించి ఆలోచించాడు. "ఒక సేత్తో ఏరియల్ కర్ర పట్టుకునీవోణ్ని. అల వస్తే అది ఊగిపోద్ది. ఊగినప్పుడు మాట అందదు కదా. కర్ర నిలబడ్డాక ఈ సేత్తో బొత్తాం నొక్కాల. కాసింత వొచ్చి ఆగిపోద్ది. మల్లా కర్ర సూసుకోవాల, మల్లా నొక్కాల. ఓపికుంటే నొక్కు, లేకపోతే ఊరుకో నానా, అది నీ కోసం ఆగుద్ది అనేది."

అదీ సంగతి. కర్ర నిలబడి తండ్రి బొత్తాం నొక్కేదాకా యంత్రం ఆగేలా రాసుకుంది. అవతలి యంత్రం కొంచెం పంపి, ఆయన సిద్ధమన్నదాకా ఎదురు చూడాలి. మాది ఎదురు చూడకుండా పరిగెత్తింది, అందుకే తెగింది.

మా యంత్రానికి ఆగడం నేర్పాను. అంత కష్టమేమీ కాలేదు. మర్నాడు పొద్దున్న పరదేశి గారు పెట్టె ముందు కూర్చుని బొత్తాం నొక్కాడు. కాస్త వచ్చి ఆగింది. ఆయన నా వైపు చూశాడు.

"కర్ర లేదు కదా మావయ్యగారూ, ఇక్కడ తీగ ఉంది. మీకు ఎప్పుడు నొక్కాలనిపిస్తే అప్పుడు నొక్కండి."

నొక్కుతూ కూర్చున్నాడు. మధ్యలో గంగరాజు ఎడమ చేత్తో గంజి తెచ్చిపెడితే, తాగి, చెయ్యి తుడుచుకుని మళ్లీ నొక్కాడు.

భరణి, పోటు పెద్దదయ్యే రోజుల్లో

రెండు భండారాలు చాలాకాలం విడిగా ఉండి కలిసినప్పుడు, ఎక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే అన్నది ముందు తేలాలి. దానికీ ఒక పద్ధతుంది. పెట్టె తన దగ్గరున్న మార్పుల్ని కొత్తవాటి నుంచి వెనక్కి ఒక్కొక్కటే చెబుతూ, ఇది నీ దగ్గర ఉందా అని అడుగుతుంది. మాది లేదు, లేదు అంటూ పోతుంది. పోల్చుకోవడానికని మా వరస నకలు ఒకటి చిన్న యంత్రంలో పెట్టాను. జోగిరాజు గారు నా వెనక స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు.

లేదు, లేదు అని తెర నిండిపోయింది. చాలాసేపటికి మొదటిసారి ఉంది అని పడింది. అక్కడి నుంచి రెండు ఊళ్ల దారులూ విడిపోయాయన్నమాట. ఆ మార్పు తెరిచాను. వైర్‌లెస్ పోకముందు నడిరేవు నుంచి వాళ్లకి చేరిన ఆఖరి మార్పు అది. కింద ముద్ర సుభద్రమ్మ పిన్నిది. పక్కన ఆమె రాసుకున్న కారణం:

పై వరస కొళాయిల్లో ఒత్తిడి తగ్గించాను. ముసలమ్మల చేతుల్లోంచి బిందెలు జారిపోతున్నాయి.

జోగిరాజు గారు ముందుకి వంగి చదివారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివారు.

"జారింది మా అమ్మ చేతిలోంచే," అన్నారు. "కాలి మీద పడింది. కొళాయి మార్చింది సుభద్రేనని నాకు తెలీనే తెలీదు. అత్తా కోడళ్లకి మాటల్లేని రోజులవి."

పరదేశి గారికి ఎవరి గురించో తెలియదు. జోగిరాజు గారి ముఖం చూసి మాత్రం ఏదో అర్థమైంది. "మీ ఇంటావిడేటి బాబూ?" అనడిగాడు. అవునన్నారు. పరదేశి గారు తన చాప మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. జోగిరాజు గారు స్టూలు దిగి ఆ చాప మీద కూర్చున్నారు. అక్కణ్ణుంచే చదవడం మొదలుపెట్టారు.

భరణి, ఎండలు ముదిరాక

చదువు సాగుతోంది. జోగిరాజు గారు పైకి చదువుతారు. నేను మార్పు ఏం చేస్తుందో విడమర్చి చెబుతాను. ఆయన మూడు ప్రశ్నలకి తక్కువ అడగరు. ఏది తీసుకోవాలి, ఏది వద్దు అన్నది పైడమ్మ రాసుకున్న కారణాలే చెబుతున్నాయి.

రెండో పంపు పోయింది. కొత్తది దొరికేదాకా ఇలా. ఇది మా నడిరేవుకి వద్దు.

ఎర్రనీళ్లు వచ్చాయి. గట్టిగా తోస్తే లాభం లేదు. తోయడం ఆపి చూశాను. పాచి దానంతటదే వదిలింది. ఇది కావాలి.

పోటుకీ పాటుకీ నడుమ సముద్రం కాసేపు నిలబడుతుంది. ఆ వేళలోనే మంచినీళ్లు వెనక్కి పంపి పొరలు కడగాలి. తొందరపడకూడదు. నిన్న తొందరపడ్డాను, ఒక పొర పోయింది. ఇదీ కావాలి. దీనికోసమే ఇన్నాళ్ల పాట్లు.

మధ్యలో ఒకటి వచ్చింది. నాన్న చెయ్యి విరిగింది. గట్టు మీట బరువుగా ఉంది. తేలిక చేశాను.

అది చదివి జోగిరాజు గారు ఆగారు. పరదేశి గారు తన కుడి మోచేతిని పట్టుకుని చూసుకుంటున్నాడు.

"ఆ ఏడు గట్టు తగిలి ఇరిగింది బాబూ. మీట తేలికైపోనాదేటని అడిగినాను. తుప్పు ఒదిలుంటాది నానా అంది." ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "తుప్పంట."

మాకు ఆ మీట లేదు, ఆ మార్పు అక్కర్లేదు. జోగిరాజు గారు మాత్రం దాన్ని పక్కన పడేయనివ్వలేదు. "నీటి యంత్రానికి ఎక్కించక్కర్లేదు. వరసలో మాత్రం ఉండనీ రత్నం. వరస అంటే మొత్తం ఉండాలి."

పైడమ్మ పాత ముద్రల్ని మా సర్వర్ లెక్కలోకి తీసుకోదు. వాటి మీద మళ్లీ ముద్ర వేయడానికి ఆమె లేదు. ఏం చేద్దామని అడిగితే ఆయనే చెప్పారు. పాత ముద్ర అలాగే ఉంచి, ప్రతి మార్పు కిందా రెండు పేర్లు పెట్టమన్నారు. రాసింది పైడమ్మ. చదివింది జోగిరాజు.

పరదేశి గారు ఆ రెండు పేర్లనీ తెర మీద వేలితో చూపించమన్నాడు. చూపించాను. అక్షరాలు గుర్తుపట్టి, పెదాలు కదుపుతూ తానే చదువుకున్నాడు.

భరణి, చివర

పాచికి సంబంధించినవి మాత్రం విడదీసి, మా యంత్రానికి సరిపోయేలా కుదిర్చి, అవతలికి పంపాం. పోటు నిండి సముద్రం నిలబడిన వేళ యంత్రం నెట్టడం ఆపేసింది. గట్టు మీద ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేసరికి జనం పాడైందనుకుని పరిగెత్తుకొచ్చారు. తర్వాత వెనకనుంచి సన్నగా నీళ్లు కదిలాయి. పాచి ఎర్రటి తెట్టులు తెట్టులుగా ఊడి సముద్రంలోకి పోయింది. గంగరాజు వాచిన చేత్తోనే వంగి పొర మీద వేలు రాసి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు.

ఈసారీ మొదటి గ్లాసు నాదే. నేను గ్లాసు ఎత్తేలోగా జోగిరాజు గారు పట్టుకున్నారు.

"చదివింది నేను," అన్నారు.

"ఆచారం ప్రకారం భండారం చూసేది నేను బాబాయ్."

"సగం సగం."

సగం ఆయన తాగారు, సగం నేను తాగాను. ఆ రోజంతా గట్టు మీదే ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన నాకు వల ముళ్లు నేర్పబోయారు, నాకు రాలేదు. గంగరాజు అటూ ఇటూ తిరుగుతూ మా ఇద్దరి ముఖాలూ చూసి పోతూ ఉన్నాడు. మర్నాడు తెల్లవారి ఇద్దరమూ లేచి పళ్లు తోముకున్నాక, జోగిరాజు గారు ఊరికి కడవలు నింపుకోమని చెప్పారు.

కృత్తిక రాకముందు

పరదేశి గారి పడవలో కొత్త పొరలు సర్దాం. పాత పెట్టె పక్కన కొత్తది ఒకటి పెట్టాను. రెండు పలకరింపులూ తెలిసినది. మెల్లగా అన్నది కూడా నేర్పి పంపుతున్నాను. జోగిరాజు గారు స్తంభానికి కావలసిన ఇనప గొట్టాలు ఇచ్చారు. నిలబెడితే వైర్‌లెస్ అందుతుంది. ఆ చిన్న యంత్రాన్ని అలాగే ఉంచమని కూడా చెప్పారు. తూరుపు తెప్ప నుంచి ఏది వచ్చినా అందులోకి వస్తుంది, ఆయన చదువుతారు.

పాత పెట్టె మూసేముందు ఇంకొకటి కనిపించింది. పైడమ్మ మొదలుపెట్టి ముద్ర వేయని మార్పు. ముద్ర లేనిది పలకరింపులో రాదు కనుక మాకు చేరలేదు. వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది. పరదేశి గారికి చెప్పాను. "ఏం చేయబోయిందో కొంచెం తెలుస్తోంది. మీరు ఊఁ అంటే నేను పూర్తి చేసి, ఆమె పేరు మీదే పెడతాను."

ఆయన పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

"ఒద్దమ్మా, ఒగ్గీ," అన్నాడు. "అంతవరకే సేసింది. అంతవరకే ఉండనీ. అది మాకాడుంటాది."

పెట్టె మూసి టార్పాలిన్ గుడ్డ చుట్టాడు.

గాలి ఇంకా అనుకూలంగానే ఉంది. గంగరాజు తాడు విప్పుతున్నాడు. పాటు మొదలవడానికి కాస్త ముందు, నీళ్లు నిలబడిన వేళ. పొరల గట్టు పైనుంచి మా పనివాడొకడు కింద ఉన్నవాణ్ణి కేకేశాడు.

"ఒరేయ్, పైడమ్మ అయిందా?"

ఈ నాలుగైదు రోజుల నుంచీ గట్టు మీద అందరూ, నీళ్లు వెనక్కి పంపి పొరలు కడగడాన్ని పైడమ్మ అనే అంటున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మాకు అలవాటైపోయి చెవిన పడటం కూడా మానేసింది. పరదేశి గారికి అలా కాదు. చుక్కాని పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే లేచి నిలబడి గట్టు వైపు తిరిగాడు, ఎవరో కూతుర్ని పిలిచారన్నట్టు.

కింది నుంచి జవాబు వచ్చింది.

"అవుతోంది. కాసేపు ఆగు."

ఆయన ఆగాడు. గంగరాజు తాడు చేత్తో పట్టుకుని, విసరకుండా నిలబడ్డాడు. గట్టు కింద నీళ్లు సన్నగా వెనక్కి నడుస్తున్న చప్పుడు. అది పూర్తయ్యి యంత్రం మళ్లీ ముందుకి తిరిగేదాకా ఆయన అలాగే విన్నాడు. తర్వాత కూర్చుని, తాడు విసరమని గంగరాజుకి చేత్తో సైగ చేశాడు.